తాడు పట్టినవాడి వాటా

శ్రీకాకుళం నుంచి వచ్చే తొలి బస్సు కండక్టరు పేపరు కట్ట మా కొట్టు అరుగు మీద పడేస్తూ, "మీ మేష్టరు రాత్రి ఆస్పత్రిలో ఎల్లిపోనారంట బాబూ" అన్నాడు. ఇంకేమైనా అడుగుదామనుకునేలోగా బస్సు కదిలిపోయింది. ఎదురుగా ఉప్పుచేపల బుట్టలతో ఇద్దరు బేరగాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ తూకం అయ్యాక కొట్టు మూసి జాలరిపేటకి నడిచాను. నాకంటే ముందే కబురు చేరినట్టుంది, పెద్దవల ఆ రోజు ఇసక మీదే మడత పెట్టి ఉంది.

ఆయన నాకు బంధువు కాదు. బళ్ళో చదువు చెప్పినవారూ కాదు. విజయనగరంలో న్యాయశాస్త్రం చెప్పి, ఉద్యోగం విరమించాక కళింగపట్నం వచ్చి, సముద్రం వైపున్న రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఇలాంటి ఊరికి ఎందుకొచ్చారని అందరూ అడిగేవారు. "సముద్రం ఎవరిదో తేల్చుకుందామని" అనేవారు. నవ్వులాట అనుకున్నాం.

అది నవ్వులాట కాదని నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది. ఆ రోజుల్లో ప్రపంచ దేశాలన్నీ ఒకచోట చేరి సముద్రాన్ని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. తీరానికి దూరంగా ఉన్న నీళ్ళలో చేపలు ఎవరివి, నీళ్ళ కింద నేలలో దొరికేది ఎవరిది, పెద్ద ఓడలున్నవాళ్ళు అంతా తీసుకుపోతే మిగతావాళ్ళ గతేమిటి? దీని మీద దేశదేశాల పండితుల నుంచి వ్యాసాలు అడిగే ఒక సంఘం ఏర్పడింది. మన మేష్టారు ఆ సంఘానికి రాస్తుండేవారు. పాత పరీక్ష పేపర్ల వెనకవైపు రాసుకునేవారు. కొట్లో పద్దులు రాసుకుంటూ నా అంతట నేనే టైపు నేర్చుకున్నానని తెలిసి, సాయంత్రాలు నాచేత ఆ రాతలు టైపు చేయించేవారు. అర్థం కాని మాట వస్తే వేళ్ళు ఆపేసేవాణ్ణి. ఆయన విసుక్కోకుండా ముక్కుపొడుం పీల్చి, "ఆగావంటే నేనే సరిగ్గా రాయలేదన్నమాట" అని వాక్యం మార్చేవారు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా అలా వచ్చిందే.

పొద్దుటే గొడుగు చంకలో పెట్టుకుని ఒడ్డుకి వెళ్ళేవారు. వాన వస్తే ఆ గొడుగు కాగితాలకు పట్టేవారు, తను తడిసేవారు. వల ఎక్కడ వెయ్యాలి, ఎవరి తరవాత ఎవరు వెయ్యాలి, కొట్టుకొచ్చిన పడవ ఎవరిది, ఇలా జాలర్ల కట్టుబాట్లన్నీ అడిగి రాసుకునేవారు. ప్రతిదానికీ చివర ఒకే ప్రశ్న వేసేవారు. "తప్పినవాణ్ణి ఏం చేస్తారు?" నాతో అనేవారు: "అది చెప్పగలిగితే చట్టమోయ్. చెప్పలేకపోతే ఒట్టి అలవాటు."

వాటన్నిటిలోనూ ఆయన పట్టుకు కూచున్నది ఒక్క కట్టుబాటు. మా ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉంది. వాడికి పడవ ఉందా, వల ఉందా, ఏ ఊరివాడు అని అడగరు. సముద్రమే లేని దేశాలకు కూడా సముద్రంలో వాటా ఉండాలని, అది దయ కాదు, హక్కని, దానికి ఇదే సాక్ష్యమని ఆయన వాదన.

సంఘం నుంచి మర్యాదగానే జవాబు వచ్చింది. వ్యాసం ఆసక్తిగా ఉంది, కాని ఇందులో చెప్పినది పల్లెటూరి మంచితనమే తప్ప చట్టం అనడానికి ఆధారం చాలదు. తమ సభ్యుడొకరు మద్రాసు వస్తున్నారు, ఆయన చూసి చెప్పినదాన్ని బట్టి వ్యాసం ఉంచడమో తీసెయ్యడమో తేలుస్తాం, అని. అది చదివి మేష్టారు ఆ రోజు భోజనం చెయ్యలేదు. అన్నేళ్ళ పనీ ఒక మనిషి ఒక పూట చూసే చూపు మీద ఆధారపడింది.

ఆ సభ్యుడు జీపులో వచ్చాడు. పొడుగాటి మనిషి, నెరిసిన గడ్డం, తల మీద గుడ్డ టోపీ. చుట్టూ కొండలే తప్ప ఒడ్డన్నది లేని దేశం ఆయనది. వెంట జిల్లా నుంచి చేపల శాఖ అధికారి ఉన్నాడు. వల అప్పుడే ఒడ్డు దగ్గరకొస్తోంది. చేపలు బరువుగా పడ్డాయి, మనుషులు చాలడం లేదు.

"ఓ దొరా! సూస్తూ నిలబడతావేటి? ఓ సెయ్యెయ్యి!" అని చేపలమ్మే ముసలమ్మ కేకేసింది.

మాట అర్థం కాకపోయినా చెయ్యి ఊపడం అర్థమైంది. కోటు విప్పి, బూట్లు వదిలి, ఆయన సంతోషంగా తాడు పట్టాడు. కెరటానికి ఒకసారి కూలబడి, మళ్ళీ లేచి లాగాడు. అందరూ ఈలలు వేశారు.

కుప్ప పోసి వాటాలు వేస్తున్నప్పుడు పల్లెపెద్ద ఒక మంచి వంజరం చేప ఎంచి ఆయన ముందు పెట్టాడు. దొర చేతులు జోడించి తల అడ్డంగా ఊపాడు.

"దొరగారు వద్దంటున్నారు. వారు కానుకలు పుచ్చుకోకూడదు" అన్నాడు చేపల శాఖ అధికారి.

"కానుకేటి? ఎవుడిచ్చినాడు కానుక?" అన్నాడు పల్లెపెద్ద. మొహం మారిపోయింది. పక్కనున్న తెడ్డు తీసి కుప్పకు అడ్డంగా పడేశాడు. తెడ్డు అడ్డం పడితే ఇంకెవరూ చేప ముట్టకూడదు. వాటా కాదన్నవాడు తగువు పెట్టినట్టే. తగువు తీరేదాకా కుప్ప ఎవరిదీ కాదు.

"తాడట్టుకుని నాగినాడు, ఇప్పుడు వద్దంటాడా?" అని ముసలమ్మ లేచింది. "మనదేటి దొంగసొత్తా?"

అధికారి చెమటలు తుడుచుకుంటూ మేష్టారి దగ్గరకు పరుగెత్తాడు. "మీరైనా చెప్పండి మేష్టారూ. మర్యాద పోతోంది."

మేష్టారు బోర్లించిన పడవ మీద కూచుని పొడుం డబ్బీ తీశారు. "పోనీండి. ఎవరూ కలగజేసుకోకండి. దయచేసి."

ఎండ ఎక్కింది. కాకులు చేరాయి. శ్రీకాకుళం బస్సుకి బుట్టలతో పోవలసిన ఆడవాళ్ళు గొణుక్కోవడం మొదలెట్టారు. "మావా, నీ కూతురి బుట్ట కూడా కాళీగానే ఉన్నాది. సేపలు కుళ్ళిపోతాయి" అని ఒకడన్నాడు.

"కుళ్ళనీరా. తగువు తీరకుండా తెడ్డు తియ్యను" అన్నాడు పల్లెపెద్ద.

చివరికి దొరే మేష్టారి దగ్గరకు వచ్చాడు. వాళ్ళ ఇంగ్లీషు నేను అందుకోగలిగాను.

"నేనేం తప్పు చేశాను?"

"మా చట్టం తప్పారు."

"ఈ చేప నేను తీసుకోకపోతే?"

"ఎవరూ తీసుకోరు. కుప్పంతా పాడవుతుంది."

"నేను పరాయివాణ్ణి. నాక్కూడా వర్తిస్తుందా?"

మేష్టారు తను జవాబు చెప్పలేదు. ప్రశ్నను తెలుగులో పల్లెపెద్దకు వేశారు.

"తాడట్టుకున్నప్పుడు ఏ ఊరోడివని అడిగినామా?" అన్నాడు పల్లెపెద్ద. "ఇప్పుడెందుకు అడుగుతాం? ఆడి వాటా ఆడు తియ్యాల. అంతే."

మేష్టారు దాన్ని ఒక్కొక్క మాటే ఇంగ్లీషులో చెప్పారు. "మా దేశం తరఫున సభల్లో నేను ఎప్పుడూ దయచూపమనే అడిగాను" అన్నాడు దొర. వెళ్ళి వంగి, ఆ వంజరాన్ని తన చేతులతో ఎత్తి, పట్టుకోవడం రాక టోపీలో పెట్టుకున్నాడు. పల్లెపెద్ద తెడ్డు తీసేశాడు. ఒడ్డంతా ఒక్కసారి గోల.

"ఓలమ్మ! ఆ టోపీ రేపు నెత్తినెట్టుకుంటే పిల్లులు ఎంటపడతాయి రా దొరా!" అంది ముసలమ్మ. మేష్టారు అది కూడా తర్జుమా చేశారు. దొర పడీపడీ నవ్వాడు.

చలికాలంలో సంఘం నివేదిక అచ్చై వచ్చింది. పోస్టాఫీసు నుంచి మేష్టారు గొడుగు కూడా మరిచిపోయి నేరుగా నా కొట్టుకి వచ్చి, పేజీ తీసి వేలు పెట్టి చూపించారు. తీరవాసుల కట్టుబాటు చట్టమేనని, సముద్రంలో అందరికీ ఉన్న వాటా ఒకరు పెట్టే దానం కాదని, అందుకు మేష్టారి వ్యాసాన్ని ఆధారంగా చూపుతూ ఒక పేరా ఉంది. రెండుసార్లు చదివాను. ఆయన అప్పటికే ఒడ్డు వైపు నడుస్తున్నారు. వెనకాల పరుగెత్తాను.

వల సగం దూరంలో ఉంది. ఆయన పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, లాగుతున్న వరస పక్కన నిలబడి, ఇంగ్లీషు చదువుతూ తెలుగు చెప్పడం మొదలుపెట్టారు. గాలికి సగం మాటలు కొట్టుకుపోయాయి.

"గట్టిగా సెప్పండి మేష్టరు బాబూ, ఇనిపించడం నేదు!"

"ఒప్పుకున్నారయ్యా!" అని అరిచారు. ఆయన అరవగా నేను వినడం అదే. "దేశాలన్నీ కూచున్న చోట మన మాట ఒప్పుకున్నారు!"

"ఒప్పుకోక సస్తారేటి?" అన్నాడు పల్లెపెద్ద తాడు వదలకుండా. "మరింక రాసీడం అయిపోనాది కదా? రండి, ఓ సెయ్యెయ్యండి!"

అన్నేళ్ళూ ఆయన తాడు ముట్టుకోలేదు. రాసేవాడికి వాటా ఉండకూడదని ఆయన నియమం. ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు. నివేదిక నా చేతిలో పెట్టారు.

వరసలో ఇద్దరు జరిగి చోటిచ్చారు. కెరటం నడుము దాకా వచ్చింది. ఆ తెల్లటి తల ఒకసారి వెనక్కి వాలి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలుతోంది. బారుగా ఉన్న నల్లటి వీపుల మధ్య ఆయన తడిసిన చొక్కాతో అడుగడుగూ వెనక్కి వేస్తూ, అందరితో గొంతు కలిపి లాగుతూనే ఉన్నారు.