పంపించేశాను

మా అక్క లాయరు చదువు చదవలేదు. నేనైతే ఏదీ పూర్తిగా చదవలేదు. అయినా మా వీధిలో సగం తగాదాలు నా నోటి మీదే తెగుతాయి, అది వేరే సంగతి. అక్క ఏళ్ళ తరబడి కోర్టు ఎదురుగా జిరాక్సు షాపులో టైపింగ్ చేసింది. ఎవరెవరి విడాకులో, ఎవరెవరి పిల్లల తగువులో కొట్టీ కొట్టీ వేళ్ళు అరిగాక, నలభయ్యో ఏట ఒకరోజు "నేను ఆ పక్కకి వెళ్తాను" అంది. ఆ పక్క అంటే రోడ్డుకి అవతల, మేడ మీద, కుటుంబ కేసులు చూసే లాయరమ్మ ఆఫీసు. అక్కడ లాయరుకి కాగితాలు రాసిపెట్టే పారాలీగల్ ట్రైనీగా చేరింది.

మా అమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని, "అదేదో జ్వరం మాత్రలా ఉందే. పని మంచిదేనా?" అంది.

లాయరమ్మ ఆఫీసు గురించి నేను చెబితే మీరు నమ్మరు. ఫైళ్ళు ఎంత ఎత్తు పేర్చారంటే, పైదాన్ని తియ్యడానికి నిచ్చెనెక్కిన గుమాస్తా కిందికి దిగేసరికి ఆ ఫైల్లోని మొగుడూ పెళ్ళాం రాజీపడిపోయి ఇంకో బిడ్డని కన్నారు. రోజూ అక్కని బండి మీద దింపేవాణ్ణి నేనే కాబట్టి, కళ్ళారా చూసి చెబుతున్నాను.

అక్క చదువు మా ప్రాణం మీదికొచ్చింది. కంచం ముందు పెట్టుకుని మనోవర్తి పాఠం, చెయ్యి కడుక్కుంటూ కస్టడీ పాఠం. కస్టడీ అంటే పోలీసులదే అనుకునేవాణ్ణి. పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో తేల్చేదాన్ని కూడా అదే మాటతో అంటారని అక్క చెబితే తెలిసింది. ఓసారి నాకూ మా ఆవిడకీ టీవీ రిమోటు దగ్గర రభస అయితే, అక్క గొంతు సవరించుకుని, "తుది తీర్పు వచ్చేదాకా రిమోటు అమ్మ దగ్గరుంటుంది. మీరిద్దరూ శనివారం వచ్చి చూసుకోవచ్చు. ఇది మధ్యంతర ఉత్తర్వు" అంది. పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ మాట మళ్ళీ ఎక్కడ వినబడుతుందో తెలిస్తే నవ్వేవాళ్ళం కాదు.

లాయరమ్మ మొదటిరోజు నేర్పిన పాఠం ఒకటే. "అమ్మాయ్, వచ్చినవాళ్ళ నోటి మాట మార్చకు. నీ సొగసులేవీ అద్దకు. వాళ్ళేమంటే అదే రాయి."

అక్క అది తాయెత్తులా కట్టేసుకుంది.

అక్క చేతికి వచ్చిన మొదటి కేసు లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడది. మొగుడితో విడిగా ఉంటోంది. ముందు పళ్ళూడిన కూతురొకతి. ఆ పాపని వెనక్కి తెచ్చుకోవడం తప్ప ఆవిడకి ఈ లోకంలో ఇంకో కోరిక లేదు. అక్క కాగితం ముందు పెట్టుకుని అడిగింది.

"పాప వాళ్ళ నాన్న దగ్గరికి ఎలా వెళ్ళిందమ్మా?"

"నాకు కామెర్లొచ్చాయండి. లేవలేకపోయాను. పిల్లకి జడ వేసే ఓపిక కూడా లేదు. అందుకని వాళ్ళ నాన్న దగ్గరికి పంపించేశాను."

"తర్వాత?"

"తగ్గాక వెళ్ళి అడిగితే ఇవ్వనన్నాడు."

అక్క పొల్లు పోకుండా రాసింది. లాయరమ్మ చదివింది. లాండ్రీ ఆవిడ సంతకం పెట్టింది. ప్రమాణ పత్రం కోర్టుకెళ్ళింది.

విచారణ నాడు నన్ను హాల్లోకి రానివ్వలేదు. తలుపు సందులోంచి నేను విన్నది కొంత, అక్క చెప్పింది కొంత. మామూలుగా అయితే మిగతాది నేనే కలిపేస్తాను. ఈ ఒక్క దాన్లో ఏమీ కలపలేదు, ఒట్టు.

పాప తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. రాక్షసుడైతే నాకు చెప్పుకోవడం సులువయ్యేది. కాడు. గోళ్ళలో గ్రీజుతో, చేతులు కట్టుకుని, నెమ్మదిగా నిలబడ్డాడు. అతని లాయరు మాత్రం మాటని జీళ్ళపాకంలా సాగదీసే రకం. అక్క రాసిన కాగితం పైకెత్తి పట్టుకున్నాడు.

"అయ్యా, పంపించడం వేరు, పంపించేయడం వేరు. పాత బట్టలు ఇచ్చేస్తాం. అద్దిల్లు ఖాళీ చేసేస్తాం. ఇక మనకక్కర్లేదు అనుకున్నప్పుడే కదా అలా అంటాం! ఈమె పాపని తండ్రి దగ్గరికి పంపించలేదు. పంపించేసింది. నా మాట కాదు, ఆమె ప్రమాణం చేసి చెప్పిన మాట."

జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆవిడ వంక చూశారు. "అమ్మా, ఇది మీరన్న మాటేనా?"

కాదంటే అయిపోయేదేమో. ఆవిడకి అబద్ధం ఆడటం చేతకాదు. "అవునండీ. అలాగే అన్నాను" అంది.

తర్వాత తండ్రిని అడిగారు. అతను, "పంపించేసింది కదా అని నేను పాపకి స్కూలు కూడా మార్పించానండి. నాకేం తెలుసు మళ్ళీ అడుగుతుందని" అన్నాడు. అది నాటకమో నిజమో చెప్పేంత తెలివి నాకు లేదు. నాకు తెలియదని నేనొప్పుకోవడం ఇదే మొదటిసారి, రాసి పెట్టుకోండి.

జడ్జిగారు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. తుది తీర్పు వచ్చేదాకా పాప తండ్రి దగ్గరే ఉంటుంది. తల్లి శనివారం శనివారం కోర్టు పక్కనున్న పిల్లల గదికి వచ్చి చూసుకోవచ్చు.

మెట్లు దిగుతూ అక్క లాయరమ్మని పట్టుకుంది. "మేడమ్, నేను 'పంపాను' అని రాసి ఉంటే?"

"ఆమె అనని మాట రాసినదానివయ్యేదానివి."

"పాప ఇంటికొచ్చేది కదా!"

"చూసుకోవాల్సింది నేనమ్మాయ్. సంతకానికి ముందు చదివింది నేను. నా చెవికీ తగల్లేదు. అందరం అలాగే మాట్లాడతాం కదా, ఎలా తగులుతుంది?"

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లు కాదు. ఎవరు నోరు తెరిచినా అక్క ఉలిక్కిపడేది. "అన్నం వండేశాను, రండి" అని అమ్మ పిలిస్తే, "వండావా? వండేశావా?" అనేది. "తినేస్తే గిన్నెలు తోమేస్తాను" అని మా ఆవిడంటే చెవులు మూసుకునేది. మొదట్లో మేం ఆట పట్టించాం. నేనైతే "అక్కా, నేను పడుకునేస్తున్నాను, శాశ్వతంగా కాదులే" అన్నాను కూడా. అక్క నవ్వలేదు. కంచంలో అన్నం అలాగే ఎండిపోయేది. మళ్ళీ జిరాక్సు షాపుకే పోతానంది. అక్కడైతే తప్పు వేరేవాళ్ళది, వేళ్ళు మాత్రమే తనవి అంది.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసు పనుందని ముందే బస్సులో వెళ్ళి, నాకు ఫోన్ చేసింది. ఫైలు ఇంట్లో మర్చిపోయిందట.

"ఒరేయ్, బయల్దేరావా?"

"వచ్చేస్తున్నా అక్కా, వచ్చేస్తున్నా."

"ఎక్కడున్నావు?"

"దుప్పట్లో."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, ఇలా అంది. "చూశావా! వచ్చేస్తున్నా అన్నావు. లేవనైనా లేదు. నువ్వంటే అది ఉత్తుత్తి మాట. ఆవిడ లేవలేని కామెర్లలో, కంగారులో పంపించేశాను అంటే మాత్రం అది శాశ్వతమా?"

ఆ మాటే పట్టుకుని లాయరమ్మ ఇంకో ప్రమాణ పత్రం వేసింది. కంగారులో చేసిన పనిని కూడా మన భాషలో అలాగే అంటామని, తల్లికి వదులుకునే ఉద్దేశం లేదని. సాగదీత లాయరు లేచి, "ఓడిపోయాక వ్యాకరణం గుర్తొచ్చిందండీ వీళ్ళకి" అన్నాడు. హాల్లో నవ్వులు. జడ్జిగారు నవ్వలేదు గాని, "ఇవన్నీ తుది విచారణలో చూద్దాం" అన్నారు. తుది విచారణ ఎప్పుడని అక్క కోర్టు గుమాస్తాని అడిగితే, అతను గోడ మీద బల్లి వంక చూశాడు.

శనివారం లాండ్రీ ఆవిడ ఒంటరిగా వెళ్ళలేనంటే అక్క తోడెళ్ళింది. ఇద్దర్నీ ఆటోలో తీసుకెళ్ళి, నేను పిల్లల గది కిటికీ దగ్గర నిలబడ్డాను. గోడ మీద జిరాఫీ బొమ్మ. మెడ దగ్గర సున్నం ఊడిపోయి, తల ఒకచోట, ఒళ్ళు ఒకచోట ఉంది. బొమ్మ కార్లకి చక్రాల్లేవు. పొట్టి ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది ఆ తల్లి.

పాప రాగానే దువ్వెన తీసింది. జడ వేసింది. విప్పింది. మళ్ళీ వేసింది. "నొప్పా?" అంటే పాప "ఊహూఁ" అని తల వెనక్కి వాల్చింది. మూడోసారి విప్పబోతుంటే తలుపు దగ్గర బల్ల ముందు రిజిస్టరుతో కూర్చున్న కోర్టు ఆయమ్మ, "టైమైందమ్మా" అంది. తండ్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది పాప.

"శనివారం వస్తాను."

"వచ్చేస్తాను అను."

ఆవిడ చేతిలో దువ్వెన ఆగిపోయింది. "వస్తానన్నా కదా, బంగారం."

"ఊహూఁ. ఆ రోజు నాన్న బండెక్కించి, నువ్వెళ్ళు, నేను వచ్చేస్తాను అన్నావు. అలా అను."

గుమ్మంలో తండ్రి తల దించుకున్నాడు. వంగి, ఊడని చెప్పు పట్టీని ఊడదీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆవిడ అక్క వంక చూసింది. ఇంజక్షన్ ఇవ్వబోయే డాక్టరు వంక చూసినట్టు చూసింది. ఏ మాట అంటే ఏ గోతిలో పడతానో, నువ్వే చెప్పు అన్నట్టు. నాలుగు గోడలూ వింటున్నాయి, తండ్రి వింటున్నాడు. అక్క పెదవులు రెండుసార్లు కదిలాయి.

"అనేయండమ్మా" అంది అక్క.

"వచ్చేస్తాను" అంది తల్లి. "వచ్చేస్తాను, వచ్చేస్తాను."

పాపకి అది చాలింది. తండ్రి వేలు పట్టుకుని, సగం అల్లిన జడ భుజం మీద విడిపోతుంటే వెళ్ళిపోయింది. వరండా చివర ఒకసారి తిరిగి చూసింది.

ఆవిడ పొట్టి కుర్చీలోంచి లేవలేదు. దువ్వెన పళ్ళలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంటూ, మెల్లిగా అడిగింది.

"ఇప్పుడన్న మాట కూడా రాస్తారా అమ్మా, వాళ్ళు?"

"రాయరు" అంది అక్క.

తలుపు దగ్గర ఆయమ్మ బల్ల మీదికి వంగి ఏదో రాస్తూనే ఉంది.