పొట్లం కాగితం మీద ఎర్ర గీత

ఇవాళ కార్వాన్ బజార్లో మిర్చి బజ్జీలు కొన్నాను. ఇంటికొచ్చి పొట్లం విప్పితే, నూనె మరకల కింద ఎవరో బడిపిల్ల రాసుకున్న ఇంగ్లీషు నోట్సు. ఎడమ పక్క యాక్టివ్ వాయిస్, కుడి పక్క పాసివ్ వాయిస్, మధ్యలో స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత. మన ఈడువాళ్లకు ఆ గీత గుర్తుండే ఉంటుంది.

మా బాపుకు ఉస్మాన్‌గంజ్‌లో కిరాణా దుకాణం ఉండేది. పరీక్షలు కాగానే మా నోటుబుక్కులన్నీ పొట్లాల కాగితాలయ్యేవి. మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ నేనూ అక్కా పేజీలు చింపేవాళ్లం. "బాపు సెల్స్ జీలకర్ర" అనేది అక్క. "జీలకర్ర ఈజ్ సోల్డ్ బై బాపు" అని నేను వెంటనే అనాలి. తప్పితే మొట్టికాయే.

నేను ఏడో తరగతిలో ఉండగా అక్క జ్వరంతో పోయింది. తన ఇంగ్లీషు నోటుబుక్కు ఒక్కటి గూట్లో దాచుకున్నాను. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అది లేదు.

"గూట్ల ఉన్న బుక్కేది బాపూ?"

"పొట్లాలకు చింపిన బిడ్డా. నాకు ఇంగ్లీషు రాదాయె. గది అక్కదని నాకెట్ల ఎరుక?"

మర్నాడు బాపు దుకాణం తెరవలేదు.

అప్పటి నుంచి ఏ పొట్లం విప్పినా ముందు చేతిరాత చూస్తాను. ఇదీ అక్క రాత కాదు. అయినా కాగితాన్ని బల్ల మీద పరిచి, మరకలు తుడిచి, పైకి చదివాను.

ఎడమ పక్క అక్కది, కుడి పక్క నాది. ఇవాళ రెండు పక్కలా నేనే చదువుకున్నాను.