తాళ్ళు అందుకున్న అడ్మిరల్

మార్సరేన ఊరి మత్స్యకారుల సంఘం హాల్లో ఉత్తరపు గోడకు ఒక చెక్కపలక ఉంది. సముద్రమాత పండుగనాడు పడవల వరుసను నడిపించిన అడ్మిరళ్ళ పేర్లు దానిమీద ఏడాదివారీగా రాసి ఉంటాయి. వాటిలో ఒక ఏడాదికి ఎదురుగా, ఆనాడు ఆ పని చేయని మనిషి పేరు ఉంది. చేసిన మనిషి పేరు లేదు. ఇది పొరపాటున జరిగింది కాదు. సమావేశం పెట్టి, చేతులెత్తి, తీర్మానించి చేశారు. ఆ ఎత్తిన చేతుల్లో వల లాగి కాయలు కాసిన చెయ్యి ఒక్కటీ లేదు.

పలకకు ఎక్కని ఆ మనిషి హేదీ జువారీ.

సముద్రానికి అవతలి ఒడ్డున, అరబ్బుల రేవు మహ్దియాలో పుట్టాడు. మీసాలు సరిగా రాని వయసులో రొయ్యల పడవమీద మంచుగడ్డలు పగలగొట్టే పనికి మా సిసిలీ తీరానికి వచ్చాడు. అప్పటికే మా పడవల్లో సగం మంది ఆ ఒడ్డువాళ్ళే. హేదీ మా భాషలో ముందు బూతులు నేర్చుకున్నాడు, తర్వాత గాలుల పేర్లు, చివరికి మర్యాదలు. పాత అరబ్బు వీధుల్లో, పైకప్పు కూలిన చర్చి వెనుక ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పెళ్ళాం వచ్చింది, పిల్లలు పుట్టారు, గది పక్కకు గది చేరింది; మనిషి మాత్రం ఆ వీధి వదల్లేదు. ఏళ్ళు గడిచి, తుంబియోలోల పడవ ‘సాంతా నింఫా’కు నాయకుడయ్యాడు. ఉపవాసాల నెలలో ఎండిన నోటితోనే చుక్కాని పట్టేవాడు. అతనికి కనబడకుండా పడవవాళ్ళు వలలచాటున కూర్చుని రొట్టె నమిలేవారు.

“దాక్కుని తింటున్నారేంట్రా? నేనేమన్నా మీ అత్తగారినా?” అని అరిచేవాడు. “ఇవతలికొచ్చి తినండి. వాసనైనా పీలుస్తాను.”

మా పండుగ అడ్మిరల్‌ను ఎన్నుకునే పద్ధతి గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే అన్యాయం జరిగింది అక్కడే. పండుగకు ముందు ఆదివారం పూజ ముగిశాక పడవల నాయకులందరూ రేవుకు వస్తారు. ఒక్కొక్కరి చేతిలో తన పడవను కట్టే తాడు కొస ఉంటుంది. చీటీలు లేవు, చేతులెత్తడాలు లేవు. ఎవరిని నమ్ముతాడో ఆ మనిషి దగ్గరికి నడిచివెళ్ళి, అతని చేతిలో ఆ కొస పెడతాడు. ఎక్కువ తాళ్ళు ఎవరి చేతికి వస్తే అతడే ఆ ఏటి అడ్మిరల్. పండుగనాడు పడవలన్నీ ఒకదాని వెనుక ఒకటి ఆ తాళ్ళతోనే కట్టుకుని, సముద్రమాత విగ్రహం ఉన్న పడవ వెంట సాగుతాయి. ఎప్పుడు కదలాలో, ఎంతదూరం పోవాలో, ఎక్కడ తిరగాలో అడ్మిరల్ చెబుతాడు. ఆ ఒక్కరోజు బిషప్ గారిదైనా అతని తర్వాతి మాటే. ఇంకొక కట్టుబాటు ఉంది: ఒకసారి ఇచ్చిన తాడును మళ్ళీ పండుగ వచ్చేదాకా ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఆ ఏడు ఆదివారంనాడు తాళ్ళు హేదీ చేతులు నిండి, మోచేతులమీదికి ఎక్కి, చివరికి రొమ్ముకు అదుముకోవాల్సి వచ్చింది. ఎదురుగా రొట్టెలమ్మే క్రొచిఫీస్సా నడుంమీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

“ఏం బాబాయ్, సంతలో గాడిదలు కొన్నావా ఏంటి?”

“కొన్నానమ్మా. ఒక్కటీ మాట వినేలా లేదు.”

“నువ్వు మా అమ్మకి మొక్కవు కదా, మరి ఆవిణ్ణి ఎట్టా తీసుకెళ్తావ్?”

“మర్యమ్మ మాకూ పెద్దావిడేనమ్మా. మొక్కేది మీరు మొక్కండి, తడవకుండా తీసుకొచ్చే పూచీ నాది.”

“అయితే సరే,” అంది క్రొచిఫీస్సా. “మొక్కేవాళ్ళు మాకు బోలెడుమంది ఉన్నార్లే.”

మూడోరోజున పండుగ సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు న్యాయవాది కాలోజెరో స్పారాచీనో. ఆయన అన్న మాటలు ఆనాటి తీర్మానప్రతిలో ఉన్నాయి; ఆ ప్రతి నా దగ్గర ఉంది, అడిగినవారికి చూపిస్తాను. “అడ్మిరల్ అనేది నౌకాదళపు హోదా. దానికి యూనిఫాం ఉంటుంది, పతకాలుంటాయి. బయటిదేశంలో పుట్టి, బాప్తిస్మం కూడా లేని మనిషిని ఆ పేరుతో పిలిస్తే టీవీవాళ్ళ ముందు మన పరువేం కావాలి?” ఆ మాటమీద కొత్త నియమం చేశారు: ఇకనుంచి అడ్మిరల్‌గా నిలిచేవారికి నౌకాదళపు హోదా ఉండాలి. తాళ్ళు ఇచ్చేశాక చేసిన నియమాన్ని, ఇచ్చిన తాళ్ళకే వర్తింపజేశారు. ఉత్తరాదినుంచి వచ్చి మా కొండవైపు ఇల్లు కట్టుకున్న విశ్రాంత రియర్ అడ్మిరల్ ఆర్రీగో బొన్‌ఫాదీనీ గారిని ఆహ్వానించారు. ముందే ఒకరికి తాళ్ళు అందాయన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

న్యాయవాది గారు చదువుకున్నవారు. అయినా తాను ఏ మాటను పట్టుకుని ఒక మనిషిని బయటికి నెట్టారో, ఆ మాట ఎక్కడిదో విచారించలేదు. అడ్మిరల్ అన్నది అరబ్బీ ‘అమీర్’ నుంచి పుట్టింది; అమీర్ అంటే ఆజ్ఞ ఇచ్చేవాడు. అరబ్బులు ఈ ద్వీపాన్ని ఏలిన కాలంలో వచ్చిన మాట అది. ఉత్తరంనుంచి నార్మన్ రాజులు వచ్చి గెలిచాక కోటలమీద జెండాలు మారాయి, మసీదులు చర్చిలయ్యాయి. ఆ మాట మాత్రం కొలువులో నిలిచింది. మొదట్లో దానికీ సముద్రానికీ చుట్టరికం లేదు. పలెర్మో నగరాన్ని చూసుకునే అధికారిని అలా పిలిచారు. తర్వాత రాజు కొలువులో పెద్దవాడికి ఆ పేరు దక్కింది. ఓడలూ ఆ పెద్దవాడి చేతికిందికే వచ్చాయి గనుక క్రమంగా ఓడల నాయకుడికి అది స్థిరపడింది. ఇక్కణ్ణుంచే జెనోవా పట్టుకుపోయింది, ఫ్రాన్స్ పట్టుకుపోయింది, ఇంగ్లండు పట్టుకుపోయింది. ఇవాళ ప్రపంచంలోని అడ్మిరళ్ళు భుజాన మోసే బిరుదు మా రేవుల్లో నానిన మాట.

ఆ బిరుదు మోసినవారిలో మొదటి మహానుభావుడు అంతియోక్ జార్జి. గ్రీకు క్రైస్తవుడు, నిజమే. అమీర్లకు అమీరని పిలిపించుకున్నవాడు. ఈ గడ్డమీద పుట్టలేదు. సముద్రానికి అవతల ఒక ముస్లిం పాలకుడి కొలువులో పనిచేసి, అక్కణ్ణుంచి ఓడెక్కి ఇక్కడి నార్మన్ల నీడకు పారిపోయి వచ్చాడు. ఆయన ఓడెక్కిన ఊరు మహ్దియా.

పండుగనాడు ఉదయం రేవు కిక్కిరిసింది. ఆగ్నేయపు వేడిగాలి రెండు రోజులుగా వీచి, అప్పుడే ఆగింది. ఆ గాలి ఆగిందంటే నైరుతి నుంచి అంతకన్నా బలమైన రెండోది లేస్తుందని రేవులో సముద్రానికి పోయిన ప్రతి మనిషికీ తెలుసు. తెలియడంలో గొప్పేమీ లేదు. పడవలు దీపస్తంభందాకా పోవాలా, రేవు నోటి దగ్గరే తిరగాలా అన్నది చెప్పే హక్కు ఎవరిదన్నదే ఆనాటి ప్రశ్న. దీపస్తంభం దగ్గరి బయటి గట్టుమీద న్యాయవాది గారు అతిథులకు పందిరి వేయించారు. టీవీవాళ్ళు అక్కడే ఉన్నారు. కాబట్టి ఆయన లెక్కప్రకారం అమ్మవారు అక్కడిదాకా పోవాల్సిందే.

తెల్లని యూనిఫాంలో బొన్‌ఫాదీనీ గారు మొదటి పడవ ఎక్కి నిలబడ్డారు. పడవలను వరుసగా కట్టమని చెప్పారు. ఒక్క పడవ కదల్లేదు. నాయకులందరూ ఎవరి పడవ ముక్కుమీద వాళ్ళు, ఉత్తచేతులతో నిలబడ్డారు. తాళ్ళన్నీ గట్టుమీద హేదీ కాళ్ళదగ్గర చుట్టలు చుట్టి ఉన్నాయి.

“ఏమైంది?” అన్నారు బొన్‌ఫాదీనీ గారు.

‘సాంతా నింఫా’ యజమాని నట్సారేనో తుంబియోలో టోపీ తీశాడు. “మా తాళ్ళు ఇచ్చేశాం దొరా.”

“ఎవరికి?”

“అదుగో, ఆయనకి. ఒకసారిచ్చింది మళ్ళీ ఇవ్వం. తమరిమీద కోపం ఏం లేదు.”

స్పారాచీనో గారు గట్టుమీదనుంచి కేకేశారు. “నట్సారేనో! నాటకాలు ఆపు! కట్టమంటే కట్టు!”

“మీరు కట్టండి లాయరుగారూ. ముడి వెయ్యడం వచ్చా?”

రేవంతా నవ్వింది. హేదీ నవ్వలేదు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. పదవి పోయినందుకు కాదు. తనవల్ల పండుగ ఆగిపోతే, ఇన్నేళ్ళూ పక్కపక్కన బతికిన రెండు ఒడ్లవాళ్ళ మధ్య ఏ మాట పుడుతుందోనని. ముందుకు వచ్చి మెల్లగా అన్నాడు: “అయ్యా, తాళ్ళు తీసుకోండి. నేను ఇంటికి పోతాను.”

బొన్‌ఫాదీనీ గారు పడవ దిగి గట్టెక్కారు. “మీదేవూరు?”

“మహ్దియా అయ్యా.”

ఆయన న్యాయవాదివైపు తిరిగి, “ఈ ద్వీపపు మొదటి పెద్ద అడ్మిరల్ ఏ రేవునుంచి వచ్చాడో తెలుసా మీకు?” అన్నారు. మళ్ళీ హేదీతో అన్నారు: “నాకీ హోదా మంత్రిత్వశాఖ ఇచ్చింది. మీకు వీళ్ళిచ్చారు. ఇక నా హోదా సంగతంటారా, తెరచాపల రోజుల్లో నౌకాదళం మూడు వరుసలుగా సాగేది. అడ్మిరల్ నడుమ ఉండేవాడు, రెండోవాడు ముందు. రియర్ అడ్మిరల్‌కి అన్నిటికన్నా వెనకవరుస. వరుస తెగిన ఓడని కాచేది, నీళ్ళలో పడినవాణ్ణి ఎత్తేది అతనే. నా చోటు చివరి పడవ. ఏ పడవో చూపించండి, ఎక్కుతాను.”

హేదీ ఒంగి తాళ్ళు ఎత్తుకున్నాడు.

“రేవు నోటి దగ్గరే తిరుగుదామయ్యా,” అన్నాడు. “బయటికి పోవద్దు.”

“చిత్తం,” అన్నారు బొన్‌ఫాదీనీ గారు, సెల్యూట్ కొట్టి. ఆ సెల్యూట్ ఫోటో కూడా నా దగ్గర ఉంది.

పడవలు రేవు నోటిదాకా పోయి, నెమ్మదిగా తిరిగి వచ్చాయి. చివరి పడవలో తెల్లని యూనిఫాం మనిషి నీళ్ళలో పడినవాళ్ళకు విసిరే గుండ్రటి తేలుడుచక్రం చేత పట్టుకుని కడదాకా నిలబడే ఉన్నారు. విగ్రహం చర్చి మెట్లెక్కుతుండగా నైరుతి గాలి లేచింది. బయటి గట్టుమీది అతిథుల కుర్చీలు కొన్ని సముద్రానికి దక్కాయి. “అమ్మ రాలేదని కుర్చీలే ఎదురెళ్ళాయి లాయరుగారూ!” అని క్రొచిఫీస్సా వారం రోజులు అందరికీ చెప్పింది.

ఆ నవ్వుకు శిక్ష పలకమీద పడింది. నియమం నియమమేనన్నారు. ఆ ఏటికి ఎదురుగా బొన్‌ఫాదీనీ పేరు బంగారురంగుతో రాయించారు. తన పేరు చెరపమని ఆయన హాలుకు స్వయంగా వచ్చి రెండుసార్లు అడిగారు. “మీ వినయం గొప్పది,” అని చెప్పి పంపేశారు. ఆ మరుసటి శీతాకాలంలో ఆయన కన్నుమూశారు. చేయని పనికి దక్కిన కీర్తి ఆయనకు అవమానంగానే మిగిలింది.

హేదీ ఇప్పుడు పడవ ఎక్కడు. మోకాళ్ళు అరిగాయి. రోజూ సాయంత్రం హాలుకు వచ్చి పేకాడతాడు. ఎప్పుడూ ఒకే కుర్చీలో, ఆ పలకకు వీపుపెట్టి కూర్చుంటాడు. కుర్చీ మార్చుకో బాబాయ్, ఇటు వెలుతురుందని ఎవరన్నా అంటే, “ఇక్కడే బాగుందిలే, ముక్కలెయ్యి,” అంటాడు. అంతకుమించి ఆయన నోటివెంట ఫిర్యాదు రాలేదు, రాదు. అందుకే ఇది నేను రాయవలసి వచ్చింది.

ఇంతకాలం ఊరుకుని ఇప్పుడెందుకంటే, రేవులో కడుతున్న కొత్త ప్రదర్శనశాలకోసం ఆ పలకమీది పేర్లన్నిటినీ వసంతంలో పాలరాతిమీద చెక్కించబోతున్నారు. చెక్కమీది తప్పును చాకుతో గీకి దిద్దవచ్చు. రాతికెక్కిన తప్పును మన మనవలు చరిత్ర అని చదువుతారు. హేదీ మనవలు కూడా అదే బడిలో, అదే చరిత్ర చదువుతారు.

పండుగ సంఘం అధ్యక్షులు స్పారాచీనో గారికి, సభ్యులకు, రాతికి డబ్బు మంజూరు చేసిన పురపాలకులకు: శిల్పి ఉలి ఎత్తకముందే హాలుకు రండి. పేకాట వేళకు రండి, హేదీ జువారీ అక్కడ ఉంటాడు. అతని కళ్ళముందే బొన్‌ఫాదీనీ గారి పేరు చెరిపి, పోయిన ఆ పెద్దమనిషి కోరిన గౌరవం ఆయనకు ఇవ్వండి. ఆ చోట హేదీ జువారీ అని, పక్కన ‘మహ్దియా’ అని రాయించండి. ఆ తర్వాతే రాయి చెక్కించండి.