గాలివాన ఆగలేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘం గ్రూపులో నేను పెట్టిన మెసేజ్ మీరందరూ చదివారు, సముద్రం మధ్యలో విశ్వాసంతో నిలబడ్డాం, ప్రభువు గాలిని గద్దించి మమ్మల్ని ఒడ్డుకు చేర్చాడు అని రాశాను, మీరు ఆమెన్ మీద ఆమెన్ పెట్టారు. అది అబద్ధం. ఆ రోజు గాలివాన ఆగలేదు. ఆ పడవలో ఉన్నది ఒక మొండివాడు, వాడి మొండితనం వల్ల చావు దాకా వెళ్ళివచ్చిన వాడి భార్య.

పోయిన ఆదివారం, నేను ఈ రోజు ఏం చెప్పబోతున్నానో తెలిసి, మన సంఘ పెద్దల్లో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "తమ్ముడూ, ఆ భార్యాభర్తల సంగతి ఎందుకు? గాలివాన వరకు చెప్పు, దేవునికి మహిమ వస్తుంది" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు గానీ నాకు ఒళ్ళు మండింది. సగం దాచిపెట్టిన మాట వల్ల దేవునికి ఏం మహిమ వస్తుంది? నాకు వస్తుంది. ఇన్నాళ్ళూ దేవుని పేరు చెప్పి నేను నొక్కేసింది అదే గదా!

నా చీకటి కాలం తాగుడు కాదు, జబ్బు కాదు. పెళ్ళయినప్పటి నుంచీ నా భార్య సునీత ఏదైనా వద్దంటే నేను వాదించేవాణ్ణి కాదు, అంతకంటే నీచమైన పని చేసేవాణ్ణి, "ప్రార్థన చేశాను, ప్రభువు చెప్పాడు" అనేవాణ్ణి. భక్తిగల మనిషి ఆ మాటకు ఏం జవాబు చెబుతుంది? అమెరికా వచ్చి ఇక్కడ హెర్న్‌డన్‌లో ఇల్లు కొన్నప్పుడు అదే మాట, ఆమె మంచి ఉద్యోగం మానేసినప్పుడు అదే మాట. నిజానికి నేను ముందే నిర్ణయించుకుని, తర్వాత కాసేపు కళ్ళు మూసుకునేవాణ్ణి. దాన్ని ప్రార్థన అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

చెసపీక్ బేలో శనివారాలు తెరచాప పడవ నడపడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాక, కరీబియన్ సముద్రంలోని వర్జిన్ ఐలండ్స్‌లో పడవ అద్దెకు తీసుకుని దీవులు తిరుగుదామన్నాను. అప్పుడు అక్కడ వానాకాలం. చలికాలంలో వెళ్దామండీ అంది సునీత. నేను కొత్త సంవత్సరం ఆరాధనలో తీసిన, బైబిలు వచనం రాసి ఉన్న వాగ్దానపు కార్డు ఆమెకు చూపించాను. నీళ్ళు దాటేటప్పుడు తోడుంటాననే వాగ్దానం వచ్చింది నాకు. దాన్ని లామినేట్ చేయించి తీసుకెళ్ళి పడవలో చుక్కాని పక్కన అంటించాను, ఏదో కోస్ట్‌గార్డ్ ఇచ్చిన పర్మిట్ అయినట్టు! దేవుడు నా బతుకంతటికీ ఇచ్చిన ఓదార్పు మాటను వాతావరణ శాఖ మీద వాడుకున్నాను.

మొదటి రోజులు బాగానే గడిచాయి. రోజూ మధ్యాహ్నానికి ఒక వాన పడేది, ఇద్దరం పరుగెత్తి కిటికీలు మూసేవాళ్ళం, ఎండ రాగానే తడి తువ్వాళ్ళు కమ్మీల మీద ఆరేసేవాళ్ళం, సునీత పులిహోర కలిపేది, తాబేలు తల పైకెత్తితే చిన్నపిల్లలా చూపించేది. నాకు అది చాల్లేదు. ఆదివారం మన ఆరాధనకు సెయింట్ క్రోయ్ దీవి నుంచి లైవ్‌లో వచ్చి వందనాలు చెబుతానని మీ అందరికీ ముందే చెప్పేశాను. అక్కడికి వెళ్ళాలంటే దీవుల చాటు వదిలి రోజంతా బయటి సముద్రం దాటాలి. గాలివానలున్నప్పుడు అటు పోవద్దని పడవ ఇచ్చినవాళ్ళు చెప్పారు. శనివారం ఉదయం ఫోన్‌లో ఫోర్‌కాస్ట్ చూశాను, గాలివానలే అని ఉంది. చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాను, ఆమెకు చెప్పలేదు.

చెప్పకపోయినా ఆమె కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి. తూర్పు వైపు మబ్బు చూసి, "ఇవాళ ఇక్కడే ఆగుదామండీ, నాకు ఆ రంగు నచ్చలేదు" అంది.

"విశ్వాసం లేదా నీకు?" అన్నాను.

సహోదరులారా, ఈ మాట మనం మన ఇళ్ళలో ఎన్నిసార్లు అంటాం! ఎవరిని అంటాం? పక్కింటివాణ్ణి అంటామా, మేనేజర్‌ను అంటామా? ఎదురు చెప్పలేనివాళ్ళనే అంటాం.

బయటి సముద్రంలోకి వచ్చాక వాన అడ్డంగా కొట్టడం మొదలైంది. ముందే తెరచాప సగం చుట్టేయాల్సింది, త్వరగా చేరాలని మొత్తం విప్పి ఉంచాను. ఒక్క గాలికి పడవ పక్కకు ఒరిగిపోయింది, లోపల గోంగూర పచ్చడి సీసాతో సహా అన్నీ కిందపడ్డాయి, పైనున్న సునీత జారిపోయి అంచున ఉన్న కమ్మీకి భుజం కొట్టుకుని ఆగింది, కాళ్ళు రెండూ నీళ్ళ వైపు. చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. అప్పుడైనా బుద్ధి రావద్దా? "ఇంకాస్త ఓర్చుకో, చేరిపోతాం" అన్నాను.

భుజం పట్టుకుని పడవ నేల మీద కూర్చుని గట్టిగా ప్రార్థన చేసింది.

"ప్రభువా, గాలి ఆపమని నిన్ను అడగడం లేదు. ఈయన ఒక్కసారి నా మాట వినేలా చెయ్యి. మా చిన్నది ఇంకా కాలేజీలోనే ఉంది, నేనిప్పుడే చచ్చిపోకూడదు."

మొదట కోపం వచ్చింది నాకు, దేవుడితో నా మీద ఫిర్యాదా అని. ఆ తర్వాత అర్థమైంది, మనుషులు తుఫాను నుంచి తప్పించమని ఎలా మొరపెడతారో, నా భార్య నా నుంచి తప్పించమని అలా మొరపెడుతోంది. ఏ స్వరమూ వినబడలేదు, ఏ వెలుగూ కనబడలేదు, వాన కొడుతూనే ఉంది. నా నోటి నుంచి ఒక మాట వచ్చింది, అది నా అంతట నాకు వచ్చే మాట కాదు.

"సరే. ఏం చేద్దామో చెప్పు."

"తెర దించండి. ఇంజిన్ వేయండి. వెనక్కి పోదాం."

తెర దించాను, ఇంజిన్ వేశాను, పడవ తిప్పాను. సాయంత్రం దాకా తడుస్తూ, వాంతులు చేసుకుంటూ, బయలుదేరిన చోటికే వచ్చి లంగరు వేశాం. అంతటి కృప పొందినవాణ్ణి, మర్నాడు ఆమె నిద్రలో ఉండగా మీకు ఆ అబద్ధపు మెసేజ్ పెట్టాను. చూశారా, ఎంత లోతుగా పాతుకుపోయిందో ఈ రోగం! లేచి అది చదివి సునీత అరవలేదు. "మీరు సాక్ష్యం చెబితే మొత్తం చెప్పండి. లేకపోతే అక్కడ సంఘంలో మీ పక్కన కూర్చుని ఆమెన్ అనడం నా వల్ల కాదు" అంది.

ఈసారి ప్రార్థన చేసి చెబుతానని అనలేదు, సరే అన్నాను. అందుకే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాను. నన్ను నా చేతుల్లోంచి విడిపించిన ప్రభువుకు స్తోత్రం, ఆమె ప్రార్థన విన్నందుకు స్తోత్రం. సునీతా, ఆ రోజు నువ్వు వద్దన్నావు, నువ్వు చెప్పిందే నిజం, ఫోర్‌కాస్ట్ నాకు ముందే తెలుసు.

మీలో ఎవరైనా దేవుని పేరు చెప్పి ఇంట్లో ఒకరి నోరు మూయించి ఉంటే, ఇల్లు చేరేదాకా కూడా ఆగొద్దు. పార్కింగ్‌లోనే కారు తలుపులు వేసుకుని, నేను ఏ మాట వినలేదో చెప్పు అని అడగండి, చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకండి. భయం వేస్తుంది, నాకూ వేసింది. అయినా ప్రభువును నమ్మి అడగండి, ఆ కారులో ఆయన మీతో ఉంటాడు. దేవునికే మహిమ, ఇందులో నాకు ఏ పాలూ లేదు.