గట్టిగా ఏడవలేని ఊరు

మా ఆయన చదువు కోసం మేము ఆక్స్‌ఫర్డ్ చేరి ఇంకా నెల కాలేదు. రాజపాళయం నుంచి తంతి వచ్చింది. అప్పటికి నాకు చదవడం రాదు. ఆయనే చదివి, తల వంచుకుని, "మీయమ్మ పోయినాది" అన్నారు.

నేను నేల మీద కూలబడి గొంతెత్తి ఏడ్చాను.

"మెల్లగా, సుబ్బమ్మా. కింద ఉండేవాళ్ళకు వినబడతాది. ఈ రూము పోతే మనకు ఇంకెవరు ఇస్తారు?" అంటూ ఆయన తలుపు వైపు చూశారు.

అంతలో మాకు రూము అద్దెకిచ్చిన దొరసానే మెట్లెక్కి వచ్చింది. ఆయన ఇంగ్లీషులో సంగతి చెప్పారు. మా ఊళ్ళో చావు కబురు విని వచ్చిన ఆడది గడపలోనే మనల్ని కావిలించుకుని ఏడుస్తుంది. నేను లేచి రెండు చేతులూ చాచాను. ఆమె కదలలేదు. మెత్తగా ఏదో అడిగింది.

"నిన్ను ఒంటిగా విడిచిపెట్టాలా అని అడుగుతాది. ఈ ఊళ్ళో అదే మరియాద" అన్నారాయన.

"వద్దనండి. నా పక్కన కూర్చోమనండి. అమ్మ కోసం ఏడ్చేదానికి ఇంకొక ఆడది కావాల."

ఆయన నా ముఖం చూశారు, ఆమె ముఖం చూశారు. తర్వాత "థ్యాంక్యూ" అన్నారు. అప్పటికి నాకు తెలిసిన ఇంగ్లీషు మాట అదొక్కటే.

ఆమె చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్ళిపోయింది.