సెట్టు అన్నందుకు

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఒక్క మాట కోసం దాన్ని కొట్టేదాన్ని. ఆ మాట ‘సెట్టు’.

మాది చీపురుపల్లిలో కిరాణా కొట్టు. మా ఇంట్లో పుట్టినవాళ్లెవరి నోటా ‘చెట్టు’ అన్న మాట రాదు. ఒకరోజు బడికి పిలిపించి, పెద్ద మాస్టారు పిల్ల నోటుబుక్కు నా ముందు పడేశారు. ఒక్క మాటా సరిగ్గా లేదు. “ఇంట్లో మీ మాటే అలాగుంటే పిల్లకి రాత ఎలాగొస్తాదమ్మా?” అన్నారు. ఆయన నోట కూడా ‘వస్తాది’ అనే వచ్చింది. ఆ సంగతి నాకు ఇంటికొచ్చాక గాని తట్టలేదు. అక్కడ మాత్రం తల దించుకుని వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఇంట్లో పుస్తకాల తెలుగు మొదలుపెట్టాను. కొట్టుకొచ్చేవాళ్లు నవ్వుకున్నారు. పిల్ల ‘సెట్టు’ అంటే చాలు, ఒకటి అంటించేదాన్ని. ఏడాది తిరిగేసరికి దాని యాస మారింది గాని రాత మారలేదు. ఒత్తులు ఎగిరిపోయేవి. అక్షరాలు తారుమారయ్యేవి. చదవమంటే ఒక వరుస చదివి రెండు వరుసలు దాటేసేది. అదే పాఠం నేనొకసారి చదివి వినిపిస్తే పొల్లు పోకుండా అప్పజెప్పేది. అయినా నాకు బుద్ధి రాలేదు. మెల్లగా అది మాట్లాడటమే తగ్గించేసింది. ఏదడిగినా తల ఊపేది. పిల్లకి నెమ్మదొచ్చిందని సంబరపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మండలంలో బడులన్నీ తిరిగి, చదువులో వెనకబడ్డ పిల్లలను చూసే టీచరమ్మ ఒకామె సరుకులకి మా కొట్టుకి వచ్చేది. ఒకసారి బల్ల మీదున్న పిల్ల పుస్తకం తిరగేసింది. పెద్ద మాస్టారు యాస వల్లే అన్నారని చెప్పాను.

“యాసకీ దీనికీ ఏటి సంబంధం? పిల్లని పరీక్ష సేయించాల. బడిలో నోటితో అడక్కు, కాయితం మీద రాసియ్యి. నువ్వు సూసింది సూసినట్టు రాయి. నకలు మీద బడి ముద్ర ఏయించుకో. లేకపోతే ఇచ్చినావని రేపెవులూ ఒప్పుకోరు.”

మధ్యాహ్నం కొట్టు మూసి కూర్చున్నాను. మొదట ‘మా అమ్మాయి మొద్దు కాదు’ అని రాసి కొట్టేశాను. తర్వాత, విన్నది చెబుతుందనీ, చూసింది చదవలేదనీ, ఎప్పటి నుంచో, ఎలాగో అన్నీ రాశాను. నిపుణుల చేత పరీక్ష చేయించి ఏ సాయం కావాలో చెప్పించమని అడిగాను. కొట్టడం గురించి మాత్రం రాయలేదు.

పెద్ద మాస్టారు చదివి కాగితం వెనక్కి తోశారు. “ఇది లోపలికెళ్తే పిల్ల మీద ముద్ర పడిపోతాదమ్మా. రేపు పెళ్లికాడ కూడా అడుగుతారు.”

“పిల్ల మీద ఒద్దు మాస్టారూ, ఈ కాయితం మీద ఎయ్యండి” అన్నాను. అక్కణ్నుంచి కదల్లేదు. గంట కొట్టారు, పిల్లలు వెళ్లిపోయారు, నేను నిలబడే ఉన్నాను. చివరికి విసుక్కుంటూ వేశారు. ఆ నకలు పట్టుకుని వారం వారం బడికి వెళ్లి అడిగితే, వానలు మొదలయ్యాక పరీక్షకి విజయనగరం పెద్దాసుపత్రికి రమ్మన్నారు.

అక్కడ ముందు చెవులు, కళ్లు చూశారు. రెండూ బాగున్నాయి. తర్వాత ఒకావిడ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నన్ను పక్కనే ఉండమంది. ఒక బొమ్మ చూపించి “ఇదేంటమ్మా?” అని అడిగింది. గుబురుగా ఆకులేసిన చెట్టు.

మా అమ్మాయి బొమ్మ వైపు చూడలేదు. నా కుడిచేతి వైపు చూసింది.

“తెలుసు కదా, చెప్పు” అందావిడ.

నేను చెయ్యి కొంగులో దాచుకున్నాను. “సెట్టు అనమ్మా. సెట్టే అను. ఏటీ అనను” అన్నాను.

అది పెదవులు బిగించింది. ఆవిడ కాసేపు చూసి కాగితం మీద ఏదో రాసుకుంది. పెద్ద మాస్టారు చెప్పిన ముద్ర పిల్ల మీద అప్పటికే పడి ఉంది. వేసింది నేను.