గండి దగ్గర సూలియా

పసిఫిక్ నడిమధ్యన ఉన్న మా ఫకావోఫో దీవికి విమానం లేదు, రేవు లేదు. సమోవా రాజధాని ఆపియాలో ఓడెక్కి, ఒక పగలూ ఒక రాత్రీ వాంతులు చేసుకుంటూ వచ్చి, దీవికి అల్లంత దూరంలో ఆగాలి. అక్కణ్ణుంచి లెపాయో దయ. పగడపు దిబ్బలో మందుపెట్టి పేల్చిన సన్నని గండి గుండా రేకు పడవలో మనుషుల్నీ బియ్యం బస్తాల్నీ ఒడ్డుకు చేర్చేది అతడే. ముప్ఫై ఏళ్లుగా చుక్కాని అతని చేతిలోనే ఉంది. అల చూసి వద్దన్నాడంటే, ఊరి పెద్దలంతా కట్టగట్టుకుని వచ్చినా పడవ కదలదు. మొండివాడని మేమంతా తిట్టుకున్నవాళ్లమే. కానీ ఆ గండిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

అతని భార్య సూలియా మూడు నెలలు ఆపియా ఆసుపత్రిలో ఉంది. కడుపులో గడ్డ. డాక్టర్లు చేతులెత్తేశారు. పోయేదేదో ఇంట్లోనే పోతానని ఆమె ఓడెక్కింది.

ఓడ వచ్చిన రోజు పడమటి గాలి. ఫిబ్రవరిలో ఆ గాలి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. వాన అడ్డంగా కొడుతోంది. గండిలో నురగ తప్ప నీళ్లు కనబడటం లేదు. లెపాయో ఖాళీ పడవలో, సూలియా తమ్ముడు తియోనీని వెంటబెట్టుకుని, కిందా మీదా పడి ఓడ పక్కకు చేరాడు. పైన ఓడలో సూలియాను చాపతో సహా చెక్క పలకకు కట్టి సిద్ధంగా ఉంచారు.

"దించమంటావా, లెపాయో అన్నా?" కెప్టెన్ కేకేశాడు. "చీకటి పడేలోపు నేను అవతలి దీవికి పోవాలి!"

పడవ ఓడ అంచుదాకా లేచి, మళ్లీ కిందికి పడిపోతోంది.

"దించమను బావా. అక్కని నేను ఒళ్లో పెట్టుకుంటా," అన్నాడు తియోనీ.

"గండిలో బోల్తా పడితే? కట్టేసి ఉందిరా అది."

"కట్లు విప్పేద్దాం."

"విప్పితే ఈదుతుందా?"

పైనుంచి సూలియా గొంతు వినబడింది. "ఏమయ్యోయ్, భయమేసిందా?"

"వేసింది!"

"ఇన్నేళ్ల కాపురంలో ఇవాళ ఒప్పుకున్నావు." నవ్వబోయి దగ్గింది. "పందులకు కొబ్బరి వేస్తున్నావా?"

"వేస్తున్నా. నేను వేస్తే ముట్టడం లేదు."

"సరేలే. గాలి తగ్గాక రా."

లెపాయో కెప్టెన్‌కేసి చూసి, వద్దని చెయ్యి ఊపాడు. ఓడ వెళ్లిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు గండి ముందు అల కోసం కాచుకున్నారు. పెద్ద అలే వచ్చింది. పడవ దాని వీపుమీద నున్నగా జారి లోపలికి వచ్చేసింది. బట్టలు తడిస్తే వానకే తడిశాయి. ఒడ్డున ఊరంతా చూసింది. తియోనీ దిగి, "చూశావుగా బావా," అని వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయాడు.

నువ్వు చేసిందే సరైన పని అని పాస్టరు చెప్పాడు, పెద్దలు చెప్పారు, మేమూ చెప్పాం. చెప్పడానికి మాదేం పోయింది? అతను రెండు రోజులు గండి దగ్గరే కూర్చున్నాడు. ఒక్కొక్క అలనూ చూసి, దీంతో రాగలిగేవాళ్లం, దీంతో రాలేకపోయేవాళ్లం అని తనలో తనే గొణుక్కున్నాడు.

మూడో రోజు గాలి పడిపోయి ఓడ తిరిగి వచ్చింది. సూలియా ముందురోజు పొద్దున్నే, దీవి కనుచూపు మేరలో లేని చోట పోయిందని కెప్టెన్ టోపీ తీసి చెప్పాడు.

ఆమెను పడవలోకి దించాక లెపాయో చుక్కాని తియోనీకిచ్చి, ఆమె తల దగ్గర కూర్చున్నాడు. గండి దగ్గర పడగానే, మొహాన నీళ్లు చిందకుండా రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు. గండిలో పిల్లలు ఈతలాడుతున్నారు.

"నీళ్లు పడటం లేదు బావా," అన్నాడు తియోనీ మెల్లగా. "చేతులు తియ్యి."

లెపాయో తియ్యలేదు.